ధైర్యమని మెచ్చుకుని పుస్తకం మూసేయకండి

శ్రీశ్రీ ‘అనంతం’ చదివినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తన తాగుడు గురించీ, తన కోరికల గురించీ, వాటి వెంట తాను ఎక్కడెక్కడికి వెళ్ళిందీ ఆయన అందులో పెద్దగా దాచుకోకుండా రాశాడు. ఆ పుస్తకం చేతబట్టుకుని ‘ఇదంతా నిజమేనంటారా? ఆ ఆడవాళ్ళెవరో? ఇంట్లోవాళ్ళ పరువేం గాను?’ అని వాకబు చేసిన పాఠకుడు నాకు ఇంతవరకూ తగల్లేదు. మహాకవి నిజాయితీ అన్నారు, అంతే. నేనూ అలాగే చదివాను. నా పేచీ శ్రీశ్రీతో కాదు. ఒక ఆడమనిషి తన బతుకు తానే రాసుకున్నప్పుడు, అదే పాఠకుడు సంబంధం ఖాయం చేయడానికొచ్చిన పెద్దమనిషిలా కూర్చుని కూపీలు లాగడం మొదలుపెడతాడే, అతనితో.

రాజమండ్రిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. స్త్రీల ఆత్మకథలు క్లాసులో చెప్పినప్పుడూ, ఊళ్ళో సాహిత్య సభలకు వెళ్ళినప్పుడూ రెండు రకాల మాటలు వింటూ వచ్చాను. మొదటిది కూపీ. ఇది జరిగిందా, ఆయనెవరు, ఇప్పుడెక్కడున్నారు. రెండోది మెచ్చుకోలు. ‘ఎంత ధైర్యమండీ ఆవిడది!’ మొదటిదానికి కోపం తెచ్చుకునేవాళ్ళం కొందరమైనా ఉన్నాం. రెండోదానికి మాత్రం అందరం చప్పట్లు కొడతాం. నాకు ఆ రెండోదే ఎక్కువ నష్టం చేస్తోందనిపిస్తుంది. ధైర్యం అనేశాక ఆవిడ ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో, ఏది కావాలని వదిలేసిందో చూడాల్సిన పని మనకు తప్పిపోతుంది. శాలువా కప్పేసి ఇంటికెళ్ళిపోతాం.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసింది. అప్పటికి ఆవిడకు తొంభై దాటాయి. ఆ పుస్తకం మీద జరిగిన ఒక సభకు వెళ్ళాను. ప్రధాన వక్త తన సమయంలో సగానికి పైగా ఆవిడ భర్త కొండపల్లి సీతారామయ్య గురించే మాట్లాడారు. పీపుల్స్ వార్ ఎలా పుట్టింది, ఆయన ఎత్తుగడలేమిటి, పార్టీ ఆయన్ని ఎందుకు కాదనుకుంది. చివర్లో, ఇన్ని కష్టాలు పడ్డ ఈ తల్లి ధైర్యానికి జోహార్లు అన్నారు. హాలంతా లేచి నిలబడింది. పుస్తకంలోని ఒక్క పేజీ గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. భర్త జీవిత చరిత్రకు భార్య రాసిపెట్టిన అనుబంధం అన్నట్టుగా ఆ సాయంత్రం గడిచిపోయింది.

ఆ పుస్తకంలో ఏముందో చూడండి. పామర్రులో 1918లో పుట్టిన పిల్ల. ఊహ తెలియని వయసులో పెళ్ళి. పెళ్ళంటే ఏమిటో తెలిసేలోపే వైధవ్యం. ఆ తర్వాత సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, ప్రజానాట్యమండలి పాటలు, బుర్రకథలు, నిర్బంధ కాలంలో అజ్ఞాతవాసం. ఇంతలో భర్త ఆమెను వదిలి వెళ్ళిపోయాడు. ముప్పై దాటిన వయసులో ఆవిడ హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువు మళ్ళీ మొదలుపెట్టింది. చదివి, కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం సంపాదించుకుంది. కొడుకు చందు నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. డాక్టరైన కూతురు కరుణ, భర్త పోయిన దుఃఖంలో తన ప్రాణం తానే తీసుకుంది. మనవరాళ్ళను అమ్మమ్మే చూసుకుంది. 2018 ఆగస్టులో విశాఖపట్నంలో నూరో పుట్టినరోజు జరిగింది. ఆ మరుసటి నెలలోనే ఆవిడ వెళ్ళిపోయింది.

ఈ జాబితా వింటే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. కానీ పుస్తకం నడిచే తీరు వేరు. ఆవిడ తన కష్టాన్ని చేతిలో పట్టుకుని మన ముందు నిలబడదు. వదిలేసి పోయిన మనిషిని శపించదు. ఆయన పెట్టిన బాధకు ఉద్యమాన్ని తప్పుపట్టదు. ఉద్యమం మీద ప్రేమ ఉంది కదా అని ఆయన్ని క్షమించేయనూ లేదు. ఆయన ముసలితనంలో ఒకసారి వచ్చి చూడమని కబురొస్తే, ఆవిడ వెంటనే లేచి బయల్దేరలేదు. భర్త వేరు, ఆశయం వేరు, తాను వేరు అని ఈ మూడింటినీ విడదీసి చూడడం మామూలు పని కాదు. మన రాజకీయ చరిత్రలు రాసిన మగవాళ్ళలో చాలామంది నాయకుణ్ణీ ఆశయాన్నీ విడదీయలేక గందరగోళపడ్డారు. కోటేశ్వరమ్మ గారు విడదీసింది. ఆ పుస్తకంలోని మేధ అది. దాన్ని ధైర్యం అని పిలిచి ఊరుకుంటే ఆవిడ బుర్రకు దక్కాల్సిన గౌరవం దక్కకుండా పోతుంది.

క్లాసులో ఈ పుస్తకం గురించి మాట్లాడుతుంటే వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. కోనసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల. ‘మేడమ్, ఆవిడ మళ్ళీ చదువుకోడానికి వెళ్ళినప్పుడు ఖర్చులకి డబ్బులెక్కడివండీ?’ అని అడిగింది. ఆ పుస్తకం గురించి నేను విన్న ప్రశ్నలన్నిటిలోకీ మంచి ప్రశ్న అదే. ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకమంతా మళ్ళీ చదివాం. ఎక్కడ తిన్నది, ఎవరి ఇంట్లో తలదాచుకున్నది, పిల్లలు ఎవరి దగ్గర పెరిగారు, మొదటి జీతం చేతికొచ్చాక ఏం మారింది. అలా చదువుతుంటే హాస్టల్ మేట్రన్ ఉద్యోగం ఆ జీవితంలో ఎంత పెద్ద మలుపో పిల్లలకు దానంతటదే అర్థమైంది. ఆశయం కోసం అడవులు పట్టిన మనుషుల కథలో, నెలాఖరుకి సొంత జీతం తీసుకునే ఒక ఒంటరి ఆడమనిషి కూడా తిరుగుబాటుదారే అని నేను విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

కోటేశ్వరమ్మ గారి గొంతు మొదటిసారి మనకు వినిపించింది 2012లో కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో, తెలంగాణ సాయుధ పోరాట కాలపు స్త్రీలు తమ కథలు తాము చెప్పుకున్నారు. అందులో ఆవిడా ఉంది. దళంతో అడవిలో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకోవలసివచ్చిన కమలమ్మ ఉంది. తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం ఉంది. ఆ పుస్తకం చేసినవాళ్ళు టేపు రికార్డర్ పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. అడిగారు, విన్నారు, చెప్పింది చెప్పినట్టు ఆ యాసలోనే అచ్చు వేశారు. మళ్ళీ కోటేశ్వరమ్మ గారి సొంత పుస్తకం రావడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. స్వరాజ్యం గారి ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది, ఆవిడకు ఎనభై దాటాక. మన ఆడవాళ్ళ ఆత్మకథలు ఇంత ఆలస్యంగా ఎందుకు వస్తాయి? కాగితానికీ కలానికీ కరువై కాదు. నొచ్చుకునేవాళ్ళు అందరూ పోయేదాకా ఆగుతారు. వాళ్ళు పోయేసరికి రాయాల్సిన చెయ్యి వణుకుతూ ఉంటుంది.

ఆడవాళ్ళ రాతకు ఇలాంటి అడ్డంకులు కొత్త కాదు. బెంగాల్లో రాససుందరీ దేవి 19వ శతాబ్దపు రెండో సగంలో ‘ఆమార్ జీబన్’ రాసింది. బెంగాలీలో వచ్చిన మొదటి పూర్తిస్థాయి ఆత్మకథగా దాన్ని చెబుతారు. పన్నెండేళ్ళకు పెళ్ళయి అత్తారింటికి వచ్చింది. పన్నెండు మంది పిల్లల్ని కన్నది. ఆడది అక్షరం ముడితే ఇంటికి అరిష్టమనే రోజులు. భర్త చదివే చైతన్య భాగవతం లోంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకును పక్కన పెట్టుకుని, పొయ్యి ముందు ముసుగులో, అక్షరానికి అక్షరం పోల్చుకుంటూ తానే చదువు నేర్చుకుంది. ఈ కథ చాలామందికి తెలుసు. నాకు మాత్రం అందులో గుర్రం గురించి ఆవిడ రాసిందే మనసులో నిలిచిపోయింది. ఇంటి వాకిట్లో ఎండబోసిన ధాన్యం భర్త గుర్రం వచ్చి తింటోంది. ఆవిడ లోపల దాక్కుని చూస్తోంది. బయటికి వెళ్ళి అదిలించలేదు. ఎందుకంటే అది యజమాని గుర్రం, దాని ఎదుట పడాలంటే సిగ్గు, భయం. తర్వాత ఆలోచించుకుని, గుర్రానికి కూడా భయపడుతున్నానే అని తెలుసుకుంది.

పితృస్వామ్యం గురించి నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో ఆ గుర్రమంత స్పష్టంగా విషయం చెప్పినవి తక్కువ. భర్త అక్కడ లేడు. తిట్టలేదు, కొట్టలేదు. అయినా ఇల్లంతా ఆయనే. ఈ సంగతి పట్టుకోవాలంటే రచయితకు ధైర్యం ఒక్కటే చాలదు, కన్ను ఉండాలి. తనను తాను దూరం నుంచి చూసుకోగల నిబ్బరం ఉండాలి.

కమలాదాస్ దగ్గరికి వచ్చేసరికి కూపీ పాఠకుల రద్దీ మరీ ఎక్కువ. ఆవిడ ఆత్మకథ ‘ఎన్టె కథ’ 1972లో ‘మలయాళనాడు’ వారపత్రికలో ధారావాహికగా మొదలై మరుసటి ఏడు పుస్తకమైంది. కేరళ అట్టుడికింది. తల్లి బాలామణి అమ్మ పేరుమోసిన కవయిత్రి. తండ్రి వి.ఎం. నాయర్ ‘మాతృభూమి’ పత్రికలో పెద్ద హోదాలో పనిచేసినవాడు. ఆ ధారావాహిక ఆపించాలని దగ్గరి బంధువులు ఒత్తిడి తెచ్చారు. ఆవిడ ఆపలేదు. 1976లో ఇంగ్లీషులో వచ్చింది. ఆ పుస్తకం పేరెత్తితే ఈ రోజుకీ వినిపించే మొదటి మాట ప్రేమికుల గురించే. అవి నిజమా, ఊహా? ఆవిడే ఒకసారి అంతా నిజమే అంది, ఇంకోసారి కొంత కల్పన ఉందంది. దాంతో జనానికి ఇంకా ఉక్రోషం వచ్చింది. నా దృష్టిలో ఆవిడ మనకు ప్రమాణ పత్రం ఏదీ బాకీ లేదు. గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉండగా, చావు భయం మీంచి ధ్యాస మళ్ళించుకోడానికీ, ఆసుపత్రి బిల్లులు కట్టుకోడానికీ రాయడం మొదలుపెట్టానని ముందుమాటలో చెప్పుకుంది. పదిహేనేళ్ళకు పెళ్ళైన మనిషి, ఇల్లు నిద్రపోయాక వంటింటి బల్ల మీద కూర్చుని తెల్లవార్లూ రాసుకున్న మనిషి. పున్నయూర్కుళంలోని నాలాపాట్ ఇల్లు, అమ్మమ్మ, ఆ ఇంట్లో ఆడవాళ్ళ మధ్య పెరిగిన ఒంటరి పిల్ల ఆ పుస్తకం నిండా ఉన్నారు. ఆ పేజీల దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. పడకగది తలుపు ఎక్కడుందో వెతుక్కుంటూ నేరుగా అక్కడికే పోతారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఆడవాళ్ళ ఆత్మకథ అంటే పడకగది తిరుగుబాటే అని మనం స్థిరపరచుకుంటే బేబీ కాంబ్లేకి చోటుండదు. మహారాష్ట్రలో ఫల్టణ్ ఊళ్ళో చిన్న కొట్టు నడుపుకున్న మహార్ స్త్రీ ఆవిడ. సరుకులు చుట్టే పాత పేపర్లు చదువుతూ చదువు నిలబెట్టుకుంది. కొట్లో కూర్చుని ‘జిణ అముచ’ రాసింది. రాసింది ఇంట్లో ఎవరికంటా పడకుండా ఇరవై ఏళ్ళు దాచింది. 1980లలో అది పత్రికలోనూ పుస్తకంగానూ వచ్చింది. అందులో ఎక్కువగా ఉన్నది మహార్వాడ, ఆకలి, అంబేద్కర్ రాకతో లేచి నిలబడ్డ జనం. తన భర్త తనను కొట్టేవాడన్న సంగతి పుస్తకంలో రాసుకోలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంగ్లీషులోకి అనువదించిన మాయా పండిట్ అడిగితే అప్పుడు చెప్పింది. తన బాధకన్నా తన జనం బాధ ముందు చెప్పాలనుకున్న మనిషి ఆవిడ. ఆ ఎంపిక ఆవిడది. ‘మరి నీ సంగతి రాయలేదేం’ అని నిలదీసే హక్కు కూపీ పాఠకుడికి లేదు. ‘నేను’ అని రాయకపోతే ఇది ఆత్మకథ కాదనే హక్కు పండితులకూ లేదు.

తెలుగులో ఈ గొడవ మనం కళ్ళారా చూశాం. 1980లు, 90లలో ఆడవాళ్ళు తమ శరీరం గురించి, కాన్పు గురించి, గర్భస్రావం గురించి, వంటింటి గురించి కవితలు రాస్తే ‘నీలి కవిత్వం’ అన్నారు పెద్దలు. ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. మా స్టాఫ్ రూములో ఆ పుస్తకం చేతులు మారుతుంటే కొందరు అట్ట కనిపించకుండా న్యూస్ పేపర్ చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేవారు. జయప్రభ పైటను తగలెయ్యాలని రాస్తే, కొన్నేళ్ళకు జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాసింది. పనిచేసుకు బతికే మాదిగ ఆడమనిషికి కొంగు చెమట తుడుచుకోడానికీ, బిడ్డకు పరుపుగా వేయడానికీ, గింజలు మూటగట్టుకోడానికీ అక్కరకొచ్చేది, దాన్ని ఎందుకు తగలేస్తాం అన్నది ఆమె వాదన. నాకు ఆ రెండు కవితలూ కావాలి. క్లాసులో రెండూ ఒకే గంటలో చెప్పేదాన్ని. ఆ గంటలో జరిగినంత గట్టి చర్చ నా ఉద్యోగ కాలంలో ఇంకే పాఠానికీ జరగలేదు. ఆ రోజు ఎవరూ ధైర్యం అన్న మాట వాడలేదు. వాదించుకోడానికి విషయం ఉంది మరి.

మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. వీరేశలింగం గారి ఇల్లు ఇప్పటికీ ఇక్కడ ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించేవాళ్ళం. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహానికి, వెలివేస్తారని భయపడి వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి తానే నీళ్ళు మోసుకొచ్చి వండి వడ్డించింది. ఆ తర్వాత ఇల్లు చేరిన వితంతు బాలికలకు తల్లయింది. ఆయన రెండు భాగాల స్వీయచరిత్ర రాశాడు. తెలుగు వచనంలో దాని స్థానం దానిది. రాజ్యలక్ష్మమ్మ గారు తన చరిత్ర రాసుకోలేదు. ఆవిడ గురించి మనకు తెలిసిందంతా ఇతరులు చెప్పిందే. ఆ రోజు పెళ్ళిపీటల మీద కూర్చున్న గౌరమ్మ చిన్నపిల్ల. ఊరంతా రెండుగా చీలి కొట్టుకుంటుంటే ఆ పిల్లకు ఏమనిపించిందో, ఆ తర్వాత కాపురం ఎలా సాగిందో ఆమె నోట మనం వినలేదు. తెలుగు స్త్రీల చరిత్రలో అంత ముఖ్యమైన రోజు గురించి, ఆ రోజు ఎవరి జీవితం మారిందో ఆ మనిషి మాట ఒక్కటీ లేదు. నాకు ఈ లోటు ఎప్పుడూ మనసులో మెలిపెడుతూనే ఉంటుంది. గుర్రం గురించి రాసిన రాససుందరి లాంటి మనిషి గౌరమ్మలో ఉండి ఉంటే మనం ఎంత పోగొట్టుకున్నామో!

ఇప్పుడూ పోగొట్టుకుంటూనే ఉన్నాం. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఉంది. ఒక ఆఫీసులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పెళ్ళైన దగ్గర్నుంచీ తన జీవితాన్ని రాసుకుంటూ వస్తోంది, పిల్లలు వాడగా మిగిలిపోయిన లాంగ్ నోట్‌బుక్కుల్లో. అవి మా ఇంట్లో బీరువాలో ఉంటాయి. వాళ్ళింట్లో పెట్టుకునే వీలు లేదు. అందులో తన్నులు లేవు, తాగుడు లేదు, వేరే ఆడమనిషి లేదు. జీతం పడే ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. ప్రతి నెలా బస్సు పాసుకీ, టీకీ, ఆఫీసులో ఎవరిదైనా పుట్టినరోజు చందాకీ తన డబ్బు తాను అడిగి తీసుకోవాలి. అడిగేటప్పుడు గొంతు ఎలా మారుతుందో, ఏ పూట అడిగితే మంచిదో, పిల్లల చేత అడిగిస్తే ఏమవుతుందో ఆ అమ్మాయి రాసింది. చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. వెలుగు చూడాల్సిన పుస్తకం అది. ‘మా మావగారు ఉన్నంతకాలం వద్దండి మేడమ్’ అంటుంది.

ఇలాంటి రాతలు బయటికి రావాలంటే పత్రికలవాళ్ళూ ప్రచురణకర్తలూ కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. ఆడమనిషి ఆత్మకథ పంపితే ముందు ఫొటో అడగడం, భర్త ఏం చేస్తారని అడగడం మానాలి. కలంపేరు పెట్టుకుంటానంటే అనుమానించడం మానాలి. రాసినదానికి డబ్బివ్వాలి, ఆ డబ్బు ఆమె చేతికే అందేలా ఇవ్వాలి. సమీక్ష రాసేవాళ్ళు కనీసం ఒక పేజీ తీసుకుని, ఆ పేజీ ఎందుకు బాగుందో, లేదా ఎందుకు బాగాలేదో చెప్పాలి. బాగాలేదని చెప్పడం కూడా గౌరవమే. మగవాళ్ళ ఆత్మకథల్లో సాగతీత ఉందంటాం, స్వోత్కర్ష ఉందంటాం. ఆడవాళ్ళ పుస్తకానికి వచ్చేసరికి చేతులు జోడించేస్తాం. చేతులు జోడిస్తే పుస్తకం తెరవడం ఎలా కుదురుతుంది?

ఆ అమ్మాయి రాతల్లో కొంత భాగం, ఆమె అనుమతితోనే, నాకు బాగా తెలిసిన ఒక కవికి చూపించాను. స్త్రీల పక్షాన గట్టిగా మాట్లాడే మనిషి. అంతా మెచ్చుకుని, ఒక్కచోట మాత్రం కొట్టేయమన్నారు. రెండో కాన్పు తర్వాత తనకు జ్వరం తగ్గకపోతే, రాత్రంతా అత్తగారు కూర్చుని తడిగుడ్డ వేసిన సంగతి అది. అది ఉంటే తిరుగుబాటు పలచనవుతుందని ఆయన అభిప్రాయం. నేను ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి అసలే ఒప్పుకోలేదు. ‘అదీ జరిగింది కదండీ. కార్డు ఆయన దగ్గరుండడమూ జరిగింది, ఆవిడ రాత్రంతా కూర్చోడమూ జరిగింది’ అంది. ఇద్దరం కలిసి ఆ భాగాన్ని ఇంకాస్త పెంచాం. అత్తగారి కార్డు ఒకప్పుడు ఎవరి దగ్గర ఉండేదో, అసలు ఆవిడకంటూ ఏమైనా డబ్బుండేదో కనుక్కుని రాయమన్నాను. వచ్చే ఆదివారం అది రాసుకొస్తానంది. పుస్తకం అచ్చు కావడానికి ఇంట్లో ఎవరో పోయేదాకా ఆగనక్కర్లేదని ఇంకా వాదిస్తూనే ఉన్నాను. ఇంతవరకూ ఒప్పుకోలేదు.